మర్యాదను పరిశోధన అనుకుని

పోచంపల్లి నేతగాళ్ల కోసం ఒక యాప్ చేసిపెట్టమని ఓ స్వచ్ఛంద సంస్థ అడిగింది. సమస్యేమిటో నాకు ముందే తెలుసనుకున్నాను. కొత్త డిజైన్లు లేకే చీరలు అమ్ముడుపోవడం లేదు. ఫోన్లో బొమ్మ గీస్తే, రంగు అంటకుండా దారానికి వేసే ముడి, అదే చిటికి, ఎక్కడెక్కడ కట్టాలో యాప్ చెప్పేస్తుంది. తెరలన్నీ రంగులతో సహా తీర్చిదిద్దాక గానీ ఊళ్లోకి వెళ్లలేదు. "ఇలాంటిది ఉంటే వాడతారా?" అని అడిగాను. మగ్గం ఆపి చూసి, "మంచిగుంది సార్, వాడతం" అన్నారు. చాయ్ పోశారు. ఇంటికొచ్చిన మనిషి అంత కష్టపడి చేసి తెచ్చినదాన్ని బాగాలేదని ఎవరంటారు?

తీరా చేసిచ్చాక దాన్ని ఎవరూ తెరవలేదు.

ఈసారి ఫోన్ తీయకుండా వాళ్లిళ్లలో కూర్చున్నాను. నేను కలిసినవాళ్లలో చాలామంది కూలికి నేసేవాళ్లని అప్పుడు తెలిసింది. పట్టు ఇచ్చేదీ, డిజైన్ చెప్పేదీ మాస్టర్ వీవరే. ఏ చీర నేయాలో తేల్చుకునే వీల్లేని మనిషి చేతిలో డిజైన్లు గీసే యాప్ పెట్టానన్నమాట!

ఒక ఇంట్లో లక్ష్మీ ఆసు యంత్రం నడుస్తోంది. నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పి ఆసు పోయడానికి ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి అమ్మ లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి, ఒక్కో భాగమే చేసుకుంటూ, మధ్యలో డబ్బుల్లేక ఆగుతూ, 1999కి పూర్తిచేసిన యంత్రం అది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాకు అసూయ పుట్టించింది మాత్రం అది కాదు. సమస్యేమిటని ఆయన ఎవరింటికీ వెళ్లి అడగాల్సిన పని లేకపోయింది.

నాకా భాగ్యం లేదు. అందుకని మామూలు కాగితాల మీద పెన్సిల్‌తో యాప్ తెరలను వంకరటింకరగా గీసుకుని మళ్లీ వెళ్లాను. తళతళలాడే తెరలను ఒక్క మాటా అనని పెద్దాయన, నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని సగం కొట్టేశాడు. "గిదెందుకు సారూ! పట్టు ఎంతిచ్చిండ్రు, చీరలెన్ని పోయినయి, కూలి ఎంత బాకీ ఉంది, గది రాయుండ్రి."

లెక్కల యాప్ చేద్దామని సంస్థకు చెప్పాను. నిధులొచ్చింది డిజైన్ యాప్‌కే అన్నారు. అదెవరికీ అక్కర్లేదని వాదించబోయాను. నేతగాళ్లంతా వాడతామన్నారని మొదటిసారి వెళ్లొచ్చాక నేను రాసిచ్చిన నివేదిక బయటికి తీశారు. దాతలకు చూపించింది దాన్నేనట.