కన్ను చెప్పేది, పుస్తకం చెప్పేది

అమెరికాలో ఏప్రిల్ వచ్చిందంటే శనివారం పొద్దున్నే పార్కుల్లో పిల్లల బేస్‌బాల్ మొదలవుతుంది. తలకి వదులైన హెల్మెట్లతో పిల్లలు, మడత కుర్చీలు వేసుకుని అమ్మానాన్నలు, అందరి మధ్యా క్యాచర్ వెనక వంగి నిలబడ్డ అంపైర్. చాలా చోట్ల ఆ మనిషికి జీతం ఉండదు. 1939లో కార్ల్ స్టాట్జ్ పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలుపెట్టిన లిటిల్ లీగ్ ఇప్పుడు దేశదేశాలకూ పాకింది. దాని వరల్డ్ సిరీస్‌లో నిలబడే అంపైర్లు కూడా వాలంటీర్లే. మా ఊరి పార్కులో నేనూ ఆ పని చేస్తుంటాను. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

టీవీలో చూసే ఆటలకు రీప్లే ఉంది. మాకు లేదు. ఇద్దరు అంపైర్లు దొరికితే అదృష్టం, ఒక్కోసారి ఒక్కరే. ఏ తగాదా వచ్చినా అందులో రెండు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. ఏం జరిగింది? జరిగినదానికి రూల్ ఏమంటోంది? మొదటిది కంటి పని, రెండోది పుస్తకం పని. ఈ రెండింటినీ విడదీయడం వస్తే అంపైరింగ్‌లో సగం వచ్చినట్టే. రూల్ బుక్కే ఆ గీత గీసింది. బంతి స్ట్రైకా కాదా, రన్నర్ అవుటా సేఫా అన్నది అంపైర్ నిర్ణయం, దానిమీద వాదన కుదరదు. రూల్‌ని తప్పుగా వర్తింపజేశారనిపిస్తే మాత్రం కోచ్ అడగొచ్చు, అంపైర్ వినాలి.

అందుకే కోచ్ నా వైపు నడిచి వస్తుంటే ఆయన గొంతు కన్నా ప్రశ్న మీద మనసు పెడతాను. "వాడు ముందే చేరాడు కదా!" అంటే అది నా కంటికి వేసిన ప్రశ్న. "నేను చూసింది ఇది, కోచ్" అంటే చాలు. "వాణ్ణి వెనక్కి ఎందుకు పంపారు?" అంటే అది పుస్తకానికి వేసిన ప్రశ్న. అప్పుడు ఆట ఆపి జేబులోంచి పుస్తకం తియ్యాలి. పెద్దల ఆట రూల్ బుక్కు కూడా అంపైర్లకు ఇదే చెబుతుంది: పుస్తకం దగ్గర ఉంచుకోండి, ఆట పది నిమిషాలు ఆగినా ఫర్వాలేదు, తర్వాత ఫిర్యాదు వచ్చి ఆట మళ్ళీ ఆడాల్సి రావడం కన్నా అదే మేలు.

పుస్తకం తియ్యక తప్పని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. లిటిల్ లీగ్ చిన్నపిల్లల ఆటలో పిచ్చర్ వేసిన బంతి బ్యాటర్ దాకా చేరకముందే రన్నర్ బేస్ వదలకూడదు. మూడు బేసులూ నిండి ఉండగా ఒకడు అలా ముందే కదిలాడనుకోండి. బ్యాటర్ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్ దాటలేదు, అయినా అందరూ క్షేమంగా ముందుకు చేరారు. అప్పుడు హోమ్ చేరినవాడికి రన్ రాదు, వాడు అవుట్ కూడా కాడు, ఊరికే వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాడు. ఇది ఇంగితంతో ఊహించి చెప్పగలిగేది కాదు, చదివి తెలుసుకోవాల్సిందే.

గట్టు మీద నుంచి తరచూ వినపడే ఇంకో కేక, "టై అయితే రన్నర్‌దే!" అని. బేస్ దగ్గర టై అన్న మాటే పుస్తకంలో లేదు. బంతి ముందా, కాలు ముందా అనే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కన్నే. అందుకే మంచి అంపైర్లు ఫస్ట్ బేస్ దగ్గర కళ్ళు బేస్ మీద పెట్టి, గ్లవ్‌లో బంతి పడే చప్పుడు చెవితో పట్టుకుంటారు.

ఒక ఆటలో ఫస్ట్‌లోనూ సెకండ్‌లోనూ రన్నర్లున్నారు, ఇంకా ఎవరూ అవుట్ కాలేదు. బ్యాటర్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ నెత్తిన నిటారుగా లేచింది. వేలు పైకి చూపించి "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ అవుట్!" అని అరిచాను. బంతి పిల్లాడి గ్లవ్ అంచుకు తగిలి గడ్డిలో పడింది. ఇన్నింగ్స్ అయ్యాక ఒక తెలుగాయన కంచె దగ్గరకొచ్చారు. "అదేంటండీ, క్యాచ్ వదిలేశాడు కదా, అవుట్ ఎలా ఇచ్చారు?"

"ఇవ్వకపోతే వాడు కావాలనే వదిలేస్తాడండీ. పట్టేస్తాడేమోనని రన్నర్లు బేసుల దగ్గరే ఆగిపోయి ఉంటారు. బంతి నేల మీద పడగానే పరిగెత్తక తప్పదు. థర్డ్‌కి ఒక విసురు, అక్కణ్ణుంచి సెకండ్‌కి ఒకటి, ఇద్దరూ అవుట్."

"ఓహో, రన్నర్లను కాపాడ్డానికా!"

అంతే. రూల్ ఎందుకు పుట్టిందో చెబితే రూల్ దానంతట అదే అర్థమవుతుంది. 1975లో విలియం స్టీవెన్స్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం లా రివ్యూలో ఈ ఒక్క రూల్ మీద వ్యాసం రాశాడు. మోసం పుట్టినప్పుడల్లా దాన్ని ఆపడానికి నియమం పెరుగుతూ వచ్చిన తీరును ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయంతో పోల్చాడు. లాయర్లు ఇప్పటికీ ఆ వ్యాసాన్ని తలుచుకుంటారు.

ఈ రూల్ వర్తించాలంటే ఆ క్యాచ్ మామూలు ప్రయత్నంతో పట్టగలిగేదై ఉండాలి. మామూలు అంటే ఎంత? ఆ లీగ్‌లో సగటు ఆటగాడు చెయ్యగలిగినంత, మైదానాన్నీ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకుని. మేజర్ లీగ్ షార్ట్‌స్టాప్ అవలీలగా పట్టే బంతి, ఎండ కళ్ళల్లో కొడుతుంటే వెనక్కి పరిగెత్తే పదేళ్ళవాడికి మామూలు కాదు. పుస్తకం ఒక మాట రాసి దాని కొలత మన కంటికి వదిలేసింది. 2012 అక్టోబర్ 5న అట్లాంటాలో బ్రేవ్స్, కార్డినల్స్ ఆటలో అంపైర్ శామ్ హోల్‌బ్రుక్ ఈ రూల్ కిందే అవుట్ ఇచ్చాడు. బంతి అవుట్‌ఫీల్డ్‌లో పడేసరికి జనం సీసాలు విసిరారు, ఆట 19 నిమిషాలు ఆగింది. ఆరుగురు అంపైర్లున్న ఆటలోనే అంత కష్టమైన కొలత ఇది.

కన్నూ పుస్తకమూ కలిసి పని చెయ్యడం చూడాలంటే అంపైర్ హ్యాంక్ ఓడే కథ చూడాలి. 1908 సెప్టెంబర్ 4న పిట్స్‌బర్గ్‌లో గెలుపు రన్ వచ్చేసింది కదా అని ఫస్ట్‌లోని రన్నర్ సెకండ్ బేస్ తాకకుండానే వెళ్ళిపోయాడు. రూల్ ప్రకారం అక్కడ అతణ్ణి మూడో అవుట్ చేస్తే ఆ రన్ చెల్లదు. షికాగో ఆటగాడు జానీ ఎవర్స్ గోల పెట్టాడు. కానీ ఓడే ఆ వైపు చూడలేదు. చూడనిదాన్ని అవుట్ అనలేనన్నాడు. అదే నెల 23న న్యూయార్క్‌లో, జెయింట్స్‌తో షికాగో ఆట చివర్లో, జెయింట్స్ రన్నర్, 19 ఏళ్ళ ఫ్రెడ్ మెర్కిల్ అచ్చం అలాగే తిరిగిపోయాడు. ఎవర్స్ బంతి తెప్పించుకుని బేస్ తొక్కాడు. ఈసారి ఓడే చూశాడు, అవుటన్నాడు. జనం మైదానంలోకి వచ్చేశారు, ఆట టైగా మిగిలింది. అక్టోబర్ 8న మళ్ళీ ఆడితే షికాగో గెలిచింది, లీగ్ టైటిల్ వాళ్ళదే అయింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ పట్టించుకోని రూల్‌ని ఓడే నిలబెట్టాడని అందరూ చెప్పుకుంటారు. నాకు ఆయన మొదటి నిర్ణయం మీదే ఎక్కువ గౌరవం. రూల్ తెలిసి కూడా, చూడలేదు కాబట్టి ఆగాడు.

చూసి కూడా ఆగాల్సిన చోట్లున్నాయి. క్రికెట్‌లో అప్పీల్ లేకుండా అంపైర్ అవుట్ ఇవ్వడని మనవాళ్ళందరికీ తెలుసు. బేస్‌బాల్‌లోనూ కొన్ని అలాంటివే. రన్నర్ బేస్ తాకకుండా దాటిపోయినా, వరస తప్పి వేరే బ్యాటర్ వచ్చినా, ఎదుటి జట్టు అడిగేదాకా అంపైర్ నోరు విప్పకూడదు. ముఖంలో కూడా తెలియనివ్వకూడదు, కడుపులో పెట్టుకోవాలి. పట్టుకోవడం ఆడేవాళ్ళ పని. అంపైర్ సాయం చేస్తే అది ఒక జట్టు తరఫున ఆడినట్టే.

ఈ దేశంలో పిల్లల ఆటలకు అంపైర్లు చాలడం లేదు. గట్టు మీది అరుపులు భరించలేక చాలామంది మానేస్తున్నారు. క్రికెట్ చూస్తూ పెరిగిన మన తల్లిదండ్రులకు నా మనవి: కుర్చీ మడిచి పక్కన పెట్టి రండి, లీగ్ వాళ్ళే నేర్పుతారు. పెద్దవాళ్ళు తమకు తెలిసిందీ తోచిందీ కలిపేసి ఒకే గొంతుతో గద్దించడం పిల్లలు ఇంట్లోనూ బళ్ళోనూ చూస్తూనే ఉంటారు. తను చూసిందేమిటో, నియమంలో ఉన్నదేమిటో వేరు చేసి చెప్పి, అనుమానం వస్తే అందరి ముందూ పుస్తకం తెరిచే పెద్దమనిషిని కూడా వాళ్ళు చూడాలి. ఆ మనిషి మాట పిల్లలు వింటారు. తమకు వ్యతిరేకంగా చెప్పినా వింటారు.