ఒక కంప్యూటరు, పలు స్పీకర్లు, రెండు చెవులు

కంప్యూటరులోని సంగీతమును ఇంటిలో నాలుగు చోట్ల ఒకేసారి వినాలనే కోరిక కేవలము విలాసము కాదు. వృద్ధులు, పసిపిల్లలు కలసి ఉండే ఇంటిలో అది చెవుల ఆరోగ్యానికి సంబంధించిన విషయము. వృత్తి నుండి విరమించిన తర్వాత నేను మా ఇంటిలోనే గమనించిన కొన్ని సంగతులను మీ ముందుంచుతున్నాను.

దూరము, ధ్వని తీవ్రత

ఆరుబయట దూరము రెట్టింపైనప్పుడల్లా ధ్వని తీవ్రత 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. గదిలో గోడలు ధ్వనిని తిప్పికొట్టుటచే ఆ తగ్గుదల కొంత తక్కువగా ఉంటుంది. హాలులో ఒకే స్పీకరు ఉంటే వరండాలో కూర్చున్న పెద్దవారికి వినిపించుటకై దాని శబ్దమును పెంచుతాము. అప్పుడు దాని ప్రక్కనే ఆడుకునే పసివాని చెవులపై ఆ భారమంతా పడుతుంది. పెద్దలకు 80 డెసిబెల్‌ల ధ్వని వారానికి 40 గంటలకు మించరాదనీ, పిల్లలకు 75 డెసిబెల్‌లే హద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగిన కొద్దీ సురక్షిత సమయము సగానికి తగ్గుతుంది. లోచెవిలోని రోమకణములు నశిస్తే మనుష్యులలో అవి తిరిగి పుట్టవు. అందుచే ఒక పెద్ద స్పీకరు కంటె, వినేవారి చెంతనే తక్కువ శబ్దముతో పలికే చిన్న స్పీకర్లు మేలు.

ఆలస్యముతో వచ్చే చిక్కు

నిస్తంత్రీ స్పీకరుకు ధ్వని వెంటనే చేరదు. కంప్యూటరు ధ్వని సంకేతమును కుదించి, రేడియో తరంగములపై పంపుతుంది. స్పీకరు దానిని కొంతసేపు నిలువచేసుకొని, విప్పి, పలుకుతుంది. బ్లూటూత్‌లో ఈ ఆలస్యము తరచు 100 నుండి 200 మిల్లీసెకన్లు ఉంటుంది. అన్నింటికీ ఒకే ఆలస్యమైతే పాటలు వినుటకు బాధ లేదు. కాని వేర్వేరు తయారీల స్పీకర్లలో అది వేర్వేరుగా ఉంటుంది.

కొద్ది తేడాను మెదడు సర్దుకుంటుంది. ఒకే మాట రెండు దిక్కుల నుండి సుమారు 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో చేరితే, మెదడు రెంటినీ కలిపి ఒకే మాటగా గ్రహిస్తుంది. హెల్మూట్ హాస్ 1949లో ఈ విషయమును పరిశోధించుటచే దీనికి ఆయన పేరు వచ్చింది. తేడా అంతకు బాగా మించితే అది ప్రతిధ్వనిగా వినిపించి మాటలు చెదరుతాయి. వయస్సుతో వినికిడి తగ్గినవారికి ఈ చెదురు మరింత కష్టము.

మా మనుమడు హాలులో ఒకటి, వరండాలో మరొకటి స్పీకరు అమర్చాడు. అవి వేర్వేరు తయారీలవి. 78 ఏళ్ళ మా వదినగారు ప్రవచనము వింటూ, “ప్రతి మాటా రెండుసార్లు వినబడుతోంది మరిదిగారూ, నాకు మతి తప్పుతోందేమో!” అన్నారు. ఆ మాటలోని భయము నాకు తెలియనిది కాదు. ఇటువంటి భయముతోనే పలువురు వృద్ధులు నలుగురిలోకి రావడము మానుకుంటారు. హాలులోని స్పీకరును ఆపగానే రెండవ మాట ఆగిపోయింది, ఆమె ముఖము తేటపడింది. కాని కొన్ని హల్లులు మాత్రము ఆమెకు అప్పటికీ స్పష్టము కాలేదు. శ్రవణ పరీక్షలో రెండు చెవులకూ హెచ్చు పౌనఃపున్యములలో వినికిడి తగ్గినట్లు తేలింది. ఇప్పుడు వినికిడి సాధనము ధరించి అందరితో ముచ్చటిస్తున్నారు.

ఏమి చేయవచ్చు?

ఒకే తయారీకి చెందిన, జతకలిసి పలికే సదుపాయమున్న స్పీకర్లను ఎన్నుకోండి. అనేక గదులకైతే వైఫైతో పనిచేసేవి మేలు. ఎయిర్‌ప్లే 2 వంటి పద్ధతులలో స్పీకర్లు తమ గడియారములను సరిపోల్చుకొని ఒకే క్షణమున పలుకుతాయి. కొత్తగా వచ్చిన ఆరాకాస్ట్ పద్ధతిలో ఒకే ప్రసారమును పెక్కు స్పీకర్లు, ఆ సదుపాయమున్న వినికిడి సాధనములు కూడ అందుకోగలవు.

అమర్చిన పిదప తాళము వేసిన ధ్వనిని వినిపించి రెండు స్పీకర్ల నడుమ నిలబడండి. ఒక్కొక్క దెబ్బ రెండుగా వినబడితే ముందు పలికే స్పీకరుకు ఆలస్యమును పెంచాలి. ఆ వీలు లేకపోతే ఒకదానిని ఆపివేయండి. దృశ్యములు చూసేటప్పుడు పెదవుల కదలికకు, మాటకు పొంతన ఉండాలి. వినికిడి తగ్గినవారు పెదవులను చూసి కూడ మాటను పోల్చుకుంటారు. దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు ఒక్క స్పీకరే చాలు.

స్పీకర్లన్నీ సరిగా పలుకుతున్నా మీ ఇంటి పెద్దవారు శబ్దము పెంచమని మాటిమాటికీ అడుగుతుంటే, మాటలు పొరపాటుగా వింటుంటే, పిలుపుకు బదులీయకపోతే, దానిని మతిమరపని కొట్టిపారవేయకండి. ముందుగా చెవి వైద్యులను కలిసి గుబిలి ఉన్నదేమో చూపించి, శ్రవణ పరీక్ష చేయించండి. చికిత్సకు నోచని వినికిడి లోపము చిత్తవైకల్యమునకు దారితీసే కారణములలో ఒకటని లాన్సెట్ నిపుణుల సంఘము గుర్తించింది. ఒక చెవిలో అకస్మాత్తుగా వినికిడి తగ్గితే మాత్రము ఆ రోజే వైద్యుని చూడాలి.