దొంగప్రతులు – ఒక ధర్మవిచారణ

ఇతరుల తోటలో మామిడికాయ కోసినవాడు దొంగ అని ఒప్పుకొనేందుకు ఎవరికీ సందేహం ఉండదు. కాయ చెట్టు మీద నుండి పోయింది. తోటవానికి నష్టం కలిగింది. కాని చెట్టు మీది కాయ చెట్టు మీదనే ఉండగా, అచ్చముగా దాని వంటిదే మరొక కాయ మన చేతిలోనికి వచ్చినప్పుడు దానిని ఏమనవలె? కంప్యూటరు ఆటల దొంగప్రతుల విషయంలో నేటి విద్యార్థులు వేస్తున్న ప్రశ్న ఇదే. "అది దొంగతనమే" అని కొట్టివేయటం పెద్దలకు సులభం. "అందరూ చేస్తున్నదే" అని తోసివేయటం పిన్నలకు సులభం. ఈ రెండు సులభమార్గాలనూ విడిచి, మాకు తెలిసినంతలో విషయాన్ని విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేమనగా ఈ కళాశాలలో అద్భుతగాథల ఆటలపై అభిమానం గల ఒక చిన్న మిత్రబృందం. కొందరం ఉర్దూ మాధ్యమం నుండి, కొందరం తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారం. ఈ ఆటలను ఎరుగని పెద్దల కొరకు ఒక మాట. వీటిలో ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు. యోధుడో, మాంత్రికుడో అయి ఊరూరా తిరిగి, మిత్రులను కూడగట్టుకొని, తన నిర్ణయాల ఫలితాన్ని తానే అనుభవిస్తూ కథను ముగింపునకు తెస్తాడు. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వీటికి మూలం. అది కాగితము, పెన్సిలు, పాచికలతో ఆడుకొనేది.

మాకు మాత్రం ఇది పరాయిదిగా తోచలేదు. దాస్తానె అమీర్ హంజాలో అమర్ అయ్యార్ వద్ద 'జంబీల్' అనే సంచి ఉన్నది. అందులో ఎంత వేసినా నిండదు. ఈ ఆటల్లోని వీరుడు భుజాన వేసికొని తిరిగే మూట అట్టిదే. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 1883 నుండి సంపుటాలుగా ప్రకటించిన 'తిలిస్మె హోష్‌రుబా'లోని మాయానగరాలు ఎరిగినవారికి గాని, కాశీమజిలీ కథలు విని, విఠలాచార్య చిత్రాలు చూచి పెరిగినవారికి గాని ఈ లోకం కొత్త కాదు. కనుకనే మాకు వీటిపై మమకారం. మమకారం ఉన్నచోటనే ధర్మసంకటం పుట్టుతుంది.

ఈ విషయమై పోలెండు దేశపు అనుభవం మనకు చాల నేర్పుతుంది. అక్కడ కంప్యూటరు ప్రోగ్రాములకు రక్షణ కల్పించే చట్టం 1994లో గాని రాలేదు. అంతవరకు వార్సా నగరంలోని ఒక సంతలో ఆటల ప్రతులను బాహాటంగా అమ్మేవారు, మార్చుకొనేవారు. కొనదలచినవారికి కూడ అసలుప్రతి దొరికే దారి లేదు. ఆ సంతలో తిరిగిన మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావు కిచిన్‌స్కీ అనే ఇద్దరు బడిస్నేహితులు 1994లో 'సీడీ ప్రొజెక్ట్' అనే సంస్థను స్థాపించి, అసలు ప్రతులను దిగుమతి చేసికొని అమ్మసాగారు. 1999లో 'బాల్డర్స్ గేట్' అనే ప్రసిద్ధమైన ఆటను తమ భాషలోనికి తెచ్చారు. ప్రఖ్యాత నటుల చేత సంభాషణలు చెప్పించారు. పెట్టెలో ఐదు సీడీలతోపాటు పటము, నియమాల పుస్తకము, సంగీతపు సీడీ కూడ పెట్టారు. సంతలో దొంగప్రతి అంతకంటె చౌకగా దొరుకుతుందని వారికి బాగా తెలుసు. అయినను మొదటి దినముననే 18,000 ప్రతులు అమ్ముడుపోయినవని ఆ సంస్థవారు చెప్పుకొన్నారు.

దీని నుండి మేము గ్రహించినది ఏమనగా, దొంగప్రతి తీసికొనే ప్రతివాడూ దుర్మార్గుడు కాడు. అతని భాషలో, అతనికి అందే వెలకు, గౌరవంగా ఒక వస్తువును అందిస్తే అతనిలో చాలమంది కొనేందుకే ముందుకు వస్తారు. మన దేశంలో కూడ 'స్టీమ్' అనే ఆటల విక్రయకేంద్రం 2015లో గాని రూపాయలలో వెలలు పెట్టలేదు. అంతకు పూర్వం డాలర్లలో చెల్లించవలసి వచ్చేది. అందుకు తగిన కార్డు ఎంతమంది విద్యార్థుల చేతిలో ఉండేది?

అదే సంస్థ కథలో రెండవ అధ్యాయం కూడ ఉన్నది. ఆంజెయ్ సప్‌కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత గాథల ఆధారంగా వారు 'ది విచర్' అనే ఆటను 2007లోను, దాని రెండవ భాగాన్ని 2011లోను వెలువరించారు. రెండవ భాగపు పెట్టెలకు ప్రతులు తీయకుండ తాళం వేశారు. తమ సొంత విక్రయకేంద్రంలో మాత్రం తాళం లేకుండగనే అమ్మారు. తాళం వేసిన ప్రతిని దొంగలు వెంటనే విప్పుకొన్నారు. తాళం వలన ఇబ్బందిపడినది సొమ్ము చెల్లించినవారే. కొద్ది దినములలోనే సంస్థవారు ఆ తాళాన్ని తొలగించారు. దొంగప్రతులు 45 లక్షలు దాటి ఉండవచ్చునని సంస్థ పెద్ద ఆ యేడు అంచనా వేశాడు. పిమ్మట జర్మనీలో కొందరికి న్యాయవాదుల ద్వారా సొమ్ము కట్టమని లేఖలు పంపించారు. నిరపరాధులకు కూడ ఇట్టి లేఖలు చేరవచ్చునని అభిమానులు ఆక్షేపించగా, 2012 జనవరిలో ఆ పద్ధతిని మానుకొన్నారు. 2015లో వచ్చిన మూడవ భాగాన్ని కూడ తమ కేంద్రంలో తాళం లేకుండగనే అమ్మారు. 2023 నాటికి ఆ భాగం అమ్మకాలు 5 కోట్ల ప్రతులు దాటినవి. ఇంతటి అమ్మకాలకు తాళం లేకపోవటమే కారణమని మేము అనము, ఆట గొప్పది. కాని పాఠకుని, ఆటగాని నమ్మినందువలన సంస్థ మునిగిపోలేదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

మన దేశపు చట్టం ఈ విషయమై స్పష్టంగానే ఉన్నది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టాన్ని 1984లో సవరించి, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చారు. అనగా చట్టం దృష్టిలో ఒక ఆట కూడ ఒక కావ్యం వంటిదే. దొంగప్రతి అని తెలిసి వాడినవానికి 7 దినములకు తక్కువ కాకుండ 3 సంవత్సరముల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. లాభాపేక్ష, వ్యాపారము లేనిచోట ఖైదు లేకుండ జరిమానాతో విడిచే అధికారం న్యాయస్థానానికి ఉన్నది. ఒక ఇంట ఆడుకొన్నవానికీ, అంగడి పెట్టి అమ్మినవానికీ చట్టమే భేదం చూపుతున్నదన్న మాట.

మాలో కొందరు చట్టానికంటె ధర్మశాస్త్రానికి ఎక్కువ విలువ ఇస్తారు. వారి సందేహం ఒకటి: కంటికి కనిపించని, చేతికి అంటని వస్తువుకు యాజమాన్యం ఎట్లా కలుగుతుంది? 1988 డిసెంబరులో కువైత్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినది. గ్రంథకర్తృత్వము, నూతన కల్పన మొదలగువాటిపై హక్కులు షరీయత్ రక్షించే హక్కులేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించినది. మనలో 'అమానత్' అన్న మాటకు ఎంత బరువున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగువారు ఇదే సంగతిని 'సొమ్మొకడిది, సోకొకడిది' అని చులకనగా అంటారు; భావం ఒక్కటే.

ఇక మా వాదోపవాదాలు. "కోట్లు గడించే సంస్థకు నా ఒక్కడి వలన ఏమి నష్టం?" అన్నది మొదటి వాదం. మేము ఈ వాదాన్ని అంగీకరించలేము. బస్సులో టిక్కెట్టు కొననివాడు కూడ ఇదే మాట అంటాడు. పైగా ఆ కోట్లు ఎట్లా పంచబడుతున్నవన్నది వేరే ప్రశ్న. సప్‌కోవ్‌స్కీ మొదట ఒక మొత్తానికి హక్కులు ఇచ్చివేసి, 2018లో అదనపు సొమ్ము కోరాడు. 2019లో ఇరువురికీ కొత్త ఒప్పందం కుదిరినది. రచయితకు న్యాయం అట్లా జరుగవలె గాని, ఆటగాడు దొంగప్రతి తీసినందువలన రచయితకు ఒక్క పైసా చేరదు.

రెండవ వాదం కాలగర్భంలో కలసిపోతున్న ఆటలను గూర్చి. దీనిలో సత్యం ఉన్నది. 2010కి పూర్వం అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు విపణిలో దొరకటం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించినది. జపానులో 2006లో వచ్చిన 'మదర్ 3' అన్న ఆటను నింటెండో సంస్థ ఆంగ్లంలో విడుదల చేయలేదు. అభిమానులే శ్రమించి 2008లో అనువదించారు. అయితే వారు ఆటను పంచిపెట్టలేదు. తమ అనువాదం గల ఫైలును మాత్రమే ఉచితంగా ఇచ్చారు. అభిమానానికీ, అపహరణకూ మధ్య గీత గీయటం సాధ్యమేనని వారు చూపించారు. అమ్మేవాడే లేని వస్తువును భద్రపరచటానికీ, నిన్న విడుదలైన ఆటను ఈ రాత్రే దింపుకోవటానికీ ఒకే పేరు పెట్టరాదని మా అభిప్రాయం.

మూడవది పేదరికపు వాదం. అన్నిటిలోను బరువైనది ఇదే. మా బృందంలో ఆటో నడిపే తండ్రి కుమారుడొకడు ఉన్నాడు. అతడు ఒకనాడు ఇట్లా అన్నాడు: "భాయ్, కొత్త ఆట వెల మా ఇంట్లో పదిహేను రోజుల కూరగాయల ఖర్చు. అది కొనమని అబ్బాజాన్‌ను ఏ ముఖంతో అడగను? ధనవంతుల పిల్లలకే ఈ కథలన్నీ అని చెప్పండి, మానివేస్తాను." ఈ మాటకు మేము చాలసేపు బదులు చెప్పలేకపోయినాము. ఆకలిగొన్నవాని రొట్టె వేరు, వినోదం వేరు అని చెప్పటం కడుపు నిండినవానికి తేలిక. కథల కొరకు కూడ మనిషికి ఆకలి ఉంటుంది.

ఈ వాదానికి సమాధానం మాకు ఏ పుస్తకంలోను దొరకలేదు. ఈ కళాశాలలోనే దొరికినది. మాకంటె ఒక తరగతి పెద్దవారైన ఇద్దరు విద్యార్థులు దాస్తాన్ల ధోరణిలో ఒక చిన్న ఆటను తయారుచేశారు. ఒకరు ప్రోగ్రాము వ్రాశారు, ఒకరు బొమ్మలు గీశారు. ఉర్దూలోను, తెలుగులోను సంభాషణలు పెట్టారు. వెల 60 రూపాయలు. వారం తిరగకముందే అది వసతిగృహమంతట పాకినది. భోజనశాలలో అందరూ దానిని గూర్చే మాట్లాడుకొన్నారు. కాని కొన్నవారు వేళ్ళ మీద లెక్కింపదగినవారే. తక్కినవన్నీ పెన్‌డ్రైవు మీద చేతులు మారిన ప్రతులు. తీసికొన్నవారిలో 60 రూపాయలు లేనివారు తక్కువ. అదే సాయంత్రం ఇరానీ హోటలులో అంతకంటె ఎక్కువ ఖర్చు పెట్టినవారే ఎక్కువ.

ప్రోగ్రాము వ్రాసిన అన్నను రెండవ భాగం ఎప్పుడని మేము అడిగినాము. "అందరూ బాగుందన్నారు, సంతోషమే. కాని దీనివలన నాలుగు డబ్బులు వస్తవని ఇంట్లో చెప్పి ఆరు నెలలు కూర్చున్నాను. మళ్ళీ ఆరు నెలలు ఇమ్మని అడిగే మాట నాకు మిగలలేదు" అన్నాడు. ఆయన ఇప్పుడు ఒక దుకాణంలో బిల్లులు వేసే పనిలో ఉన్నాడు. ఆ మాట విన్న తరువాత ఆటోవాని కుమారుడే అన్నాడు: "ఆయన కూడ నావంటివాడే గదా." చెట్టు మీది కాయ చెట్టు మీదనే ఉన్నది, నిజమే. కాని చెట్టుకు నీరు పోసేవాడు తోట విడిచి వెళ్ళిపోయినాడు. దొంగప్రతి వలన జరిగే నష్టం ఈ రూపంలో ఉంటుంది. అది తరచు కోటీశ్వరునికంటె ముందు మనవంటివానికే తగులుతుంది.

అట్లని పేదవాని కథాకాంక్షను విస్మరించటం న్యాయం కాదు. దారులు లేకపోలేదు. బెతెస్డా సంస్థ తన పాత ఆటలైన 'అరీనా'ను 2004లోను, 'డాగర్‌ఫాల్'ను 2009లోను ఉచితంగా ఇచ్చివేసినది. 1987 నాటి 'నెట్‌హాక్', 2003 నాటి 'బాటిల్ ఫర్ వెస్‌నాథ్' స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్లు. వాటి ప్రతులు తీసి పంచుకొనేందుకు వాటి కర్తలే అనుమతి ఇచ్చారు. వెల తగ్గేవరకు ఓపిక పట్టవచ్చు. ఒకరు కొన్న డిస్కును ఒకరి తరువాత ఒకరు ఎరువు తీసికొనవచ్చు. గ్రంథాలయపు పుస్తకం వలె అది చేయి మారుతుందే గాని రెండుగా పెరగదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. శిక్షల ప్రకటనలు గోడకు అంటించినంత మాత్రాన ఈ అలవాటు పోదు. వారానికొక సాయంత్రం కంప్యూటరు గదిని తెరచి, ఇట్టి ఉచితమైన ఆటలను అక్కడ ఉంచితే ఇంట కంప్యూటరు లేనివారికి కూడ ద్వారం తెరచినట్లవుతుంది. మన విద్యార్థులు తయారుచేసిన ఆట ఏదైన ఉంటే గ్రంథాలయం తరపున ఒక ప్రతి కొని, అందరికీ కనిపించునట్లు ఉంచవలె. మన యంత్రాలలోని ప్రతి ప్రోగ్రాము కూడ కొన్నదో, ఉచితమైనదో అయి ఉండేట్లు చూడవలె. పెద్దలు నడిచిన దారినే పిల్లలు నడుస్తారు.

తోటి విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది స్వల్పం. ఆటలో మనం ధరించే వీరుడు సంతలో కత్తి కొన్నప్పుడు నాణెములు లెక్కించి ఇస్తాడు. ఊరివారి సొమ్ము దొంగిలిస్తే ఆ ఊరిలో అతనికి మాట పోతుంది. ఆ నియమాన్ని మనం తప్పుపట్టము. ఆట న్యాయంగా ఉన్నదని మెచ్చుకొంటాము. ఈసారి మన వసతిగృహంలో ఎవరైన ఒక ఆట తయారుచేస్తే, దాని వెలను ముందుగా వారి చేతిలో పెట్టి, ఆ పైననే ఆట మొదలుపెట్టుదము.