జగ్గయ్యపేట దారిలో ఒక శోణంగి

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు కళ్ళముందు మెదులుతాయి. మా మెట్ట ప్రాంతం అలాగుండదు. నందిగామ చుట్టూ నల్లరేగడి నేలలు, పత్తి, మిరప, మధ్యమధ్య సుబాబుల్ తోటలు. జగ్గయ్యపేట దగ్గరపడేకొద్దీ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు ఊళ్ళూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినా, మా పెద్దవాళ్ళ నోట మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లాయే.

ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 30 కి.మీ. హైదరాబాదు బస్సెక్కితే ఒక కునుకు తీసేంతలో దిగిపోవచ్చు. అటువంటి దారిలో ఏడాది తిరగకుండా మేము మూడుసార్లు ఒక కుక్క కోసం ప్రయాణం చేశాము. నవ్వేవారు నవ్వారు. అయినా ఆ కుక్క మా కుటుంబానికి నేర్పిన పాఠం చదువరులకు కూడా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటి ప్రయాణం

2024 సెప్టెంబరు 1వ తేదీ మా వైపు వారెవరూ మరచిపోలేరు. మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగిపోయింది. అటు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిన్నది. నీళ్ళు తీశాక, అక్టోబరులో, జగ్గయ్యపేట అవతల మా బంధువుల పత్తిచేను ఏమయిందో చూడబోయాము. చేను నల్లబడి కుళ్ళిపోయియున్నది. మోటారు షెడ్డు వెనుక నీడలో ఒక కుక్క పడుకొని ఉన్నది.

అది ఊరకుక్కలా లేదు. పొడుగాటి మూతి, లోతైన రొమ్ము, పిడికిట్లో ఇమిడేంత నడుము. ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న పుండు. వెనుక కాలు నేల మోపలేకున్నది.

"వేటకుక్కండీ. చెవులపిల్లుల కోసం తెచ్చారు. కాలు దెబ్బతిన్నదని ఇక్కడే వదిలేసి పోయారు. వరదకు కూడా ఎటూ పోలేదు. వాళ్ళొస్తారనుకుంటదేమో" అన్నాడు చేను కాపలా తాత.

మా దగ్గరున్న పులిహోర పొట్లం విప్పాము. అది వెంటనే తినలేదు. మేము పది అడుగులు వెనక్కు జరిగిన తరువాతే తిన్నది. తిరుగు ప్రయాణంలో ట్రాలీ ఆటో మాట్లాడుకొని, గోనెసంచి పరచి, దానిని నందిగామ తీసుకువచ్చాము. పిల్లలు దానికి మెరుపు అని పేరు పెట్టారు.

ఇది ఏ జాతి?

చాలా కుక్కలు ముక్కుతో వేటాడుతాయి, వాసన పట్టుకొని పోతాయి. మెరుపు వంటివి కంటితో వేటాడుతాయి. దూరాన కదిలిన దానిని చూచి పరుగుతోనే పట్టుకుంటాయి. మన పొరుగున కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ పేరుతో ఉన్న జాగిలం ఈ కోవలోనిదే. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద బిళ్ళలు వేసినప్పుడు అందులో ముధోల్‌కు చోటు దొరికింది. తమిళనాట చిప్పిపారై, పాశ్చాత్య దేశాలలో గ్రేహౌండ్ కూడా ఈ రకమే. గ్రేహౌండ్ గంటకు 60 కి.మీ. పైగా వేగం అందుకోగలదు. 1989లో మన రాష్ట్ర పోలీసులు ఏర్పరచిన ప్రత్యేక దళానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

తెలుగు బైబిలులో సామెతల గ్రంథం 30వ అధ్యాయం చదివినవారికి, ఠీవిగా నడిచే వాటి వరుసలో శోణంగి కుక్క అనే మాట గుర్తుండవచ్చు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఇదేమి కుక్క అని అడిగితే మాకెవరూ చెప్పలేకపోయారు. పాత ఇంగ్లీషు తర్జుమాలో ఆ చోట గ్రేహౌండ్ అని ఉన్నది. మూలమైన హెబ్రీ మాటకు నడుము బిగించినది అనే అర్థం వస్తుంది గనుక కొందరు దానిని కోడిపుంజు అనీ, మరికొందరు యుద్ధాశ్వమనీ తర్జుమా చేశారు. మెరుపు నడుము చూచిన తరువాత మేము మాత్రం కుక్క పక్షమే వహించాము.

మన కొల్లేటి వైపు జోనంగి అనే కుక్క కూడా ఉన్నది. పేరు శోణంగికి ఎంత దగ్గరో చూడండి. అది ఒకప్పుడు బాతుల మందలను కాచేది. బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని లేకుండాపోయింది. పని పోయిన కుక్కకు మన ఊళ్ళలో ఏ గతి పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సేవ చేయడం నేర్చుకున్నాము

పశువుల డాక్టరుగారు కాలు పట్టి చూచి, ఎముక విరగలేదు, నెలన్నర విశ్రాంతినిస్తే నడుస్తుందన్నారు. ఆయన చెప్పిన సంగతులు ఇటువంటి కుక్కను చేరదీసేవారికి పనికివస్తాయి.

పస్తులున్న కుక్కకు జాలిపడి ఒకేసారి కడుపునిండా పెట్టరాదు. మొదటి వారం రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. తరువాత పూటకు కొంచెం చొప్పున రెండు పూటలు చాలును. లోతైన రొమ్ముగల కుక్క తిన్న వెంటనే పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదమున్నది. అది ప్రాణాంతకం. ఒంటిపై కొవ్వు తక్కువ గనుక గచ్చుమీద పడుకుంటే మోచేతులు కాయలుగట్టి పుండ్లు పడతాయి. నాలుగు మడతల గోనెసంచి గాని, పాత బొంత గాని వేయాలి. చలికాలం ఒక గుడ్డ కప్పాలి. మా ఎండలకు నీడ, నీళ్ళు తప్పవు. తల సన్నము, మెడ లావు. మామూలు పట్టా సులువుగా జారిపోతుంది. అందుకని వెడల్పు పట్టా, దానికి తోడు రొమ్ముకు వేసే పట్టీ కూడా ఉండాలి. ఆపరేషను అవసరమైతే ఇది గ్రేహౌండ్ వంటి జాతి అని డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని పాతరకం మత్తుమందులు వీటి ఒంట్లో త్వరగా దిగవు.

పిడుదులు ఏరివేశాము. నులిపురుగుల మందు, పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా వేయించాము. జూలై 6న, అనగా 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి ఈ టీకా వేయించిన రోజున, మన పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకోవాలి. ఏ కుక్క కరచినా పసుపు, కారం అద్దవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నెలన్నరకు మెరుపు నాలుగు కాళ్ళ మీద నిలిచింది. ఇంట్లో దానంత నెమ్మదైనది లేదు. మొరిగేది కాదు, పిల్లల కంచం వైపు చూచేది కాదు, పగలంతా నిద్రే. ఇక దీనిని గురించి భయం లేదనుకున్నాము. అక్కడే పొరపాటు చేశాము.

మూడు పెట్టలు

డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధనకు ఆలస్యమవుతున్నదని హడావిడిలో గేటు గడియ పెట్టకుండా వెళ్ళాము. తిరిగివచ్చేసరికి ప్రక్కింటి మామ్మగారు వాకిట్లో కూర్చొని ఉన్నారు. ఆమె ముందు మూడు నాటుకోళ్ళు చచ్చిపడి ఉన్నాయి. ఒంటరి మనిషి. గ్రుడ్లమ్ముకొని మందులు కొనుక్కుంటారు.

"డబ్బులిస్తాం మామ్మగారూ" అన్నాము.

"మూడూ పొదిగే పెట్టలు అమ్మాయ్. డబ్బిస్తే పిల్లలొస్తయ్యా? ఆ కుక్క ఇక్కడుంటే నేనిక్కడ ఉండలేను" అన్నారామె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు కుక్కది కాదు. పారిపోయే దానిని పట్టడం దాని పుట్టుకలోనే ఉన్నది. గడియ వేయవలసినది మేము. కాని ఆ రాత్రి మేము ఆ విధంగా ఆలోచించలేదు. మునేరు ఒడ్డున వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది అనే మాట మా ఇద్దరిలో ఒకరి నోట వచ్చింది. రెండవవారు కాదనలేదు. కాపలా తాత చెప్పిన మనుషులకూ మాకూ ఆ క్షణంలో తేడా ఏమీ లేదని తరువాత సిగ్గుపడ్డాము.

రెండు రోజులకు ఒక మనిషి వెదుక్కుంటూ వచ్చాడు. "కాలు బాగైందంటగా. నాకియ్యండి, రెండువేలు ఇప్పుడే చేతిలో పెడతా. చెవులపిల్లులకు దీన్ని మించింది లేదు" అన్నాడు. కోళ్ళ అప్పు తీరిపోతుంది, బాధ్యతా వదిలిపోతుంది. మనసు ఊగింది. "మళ్ళీ కాలు విరిగితే?" అని అడిగాము. "ఇంకోటి దొరక్కపోద్దా?" అని నవ్వాడు. ఆ నవ్వుతో మా సందేహం తీరింది. ఇవ్వమని చెప్పి పంపివేశాము.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని చంపడమే గాక కుక్కలతో తరిమించడం కూడా వేట క్రిందికే వస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలివేయడం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టంలో వ్రాసిన జుర్మానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. అందుచేత ఇక్కడ పని చేయవలసినది భయము కాదు, మనస్సాక్షి.

రెండవ ప్రయాణం

పాశ్చాత్య దేశాలలో పందెపు గ్రేహౌండ్లకు పని అయిపోయాక ఇళ్ళు వెదికిపెట్టే సంఘాలు చాలా ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర ప్రజలు 2018లో ఓటు వేసి, 2020 చివరికల్లా కుక్కల పందెాలు మాన్పించినప్పుడు అక్కడి కుక్కలకు ఇటువంటివారే ఇళ్ళు చూపారు. వారి పద్ధతి మాకు నచ్చింది. అడిగినవారికల్లా ఇవ్వరు. ప్రహరీ ఉన్నదా, ఇంట్లో పిల్లులు, కోళ్ళు ఉన్నవా, ముసలితనంలో చూస్తారా అని ముందు అడుగుతారు. సరిపడకపోతే వీధిలో వదలక తిరిగి మాకే ఇవ్వండి అని మాట తీసుకుంటారు.

మేము కూడా అలాగే తెలిసిన వారందరికీ చెప్పాము. జగ్గయ్యపేటలో ఒక రిటైరైన మాస్టారు, వారి భార్య కబురు చేశారు. ఊరి చివర ఇల్లు, మనిషెత్తు ప్రహరీ, కోళ్ళు లేవు, మేకలు లేవు. వారి ముసలి కుక్క పోయి ఏడాదయింది. మేము ఆరు ప్రశ్నలు వేస్తే మాస్టారు మమ్ములను పది వేశారు. వారే ముందు నందిగామ వచ్చి ఒక పూటంతా మెరుపుతో కూర్చొని వెళ్ళారు.

2025 సంక్రాంతి వెళ్ళిన వారానికి మళ్ళీ ట్రాలీ ఆటోలో బయలుదేరాము. మిరప చేలు ఎర్రబడుతున్నాయి. మెరుపు మెడ చాచి, గాలికి చెవులు వెనక్కు వాల్చి, చేలలోకి చూస్తూనే ఉన్నది. చిల్లకల్లు దాటాక రోడ్డు ప్రక్క మేకలమంద కనబడేసరికి ఒళ్ళంతా బిగుసుకున్నది. పట్టీ ఉండబట్టి సరిపోయింది. జగ్గయ్యపేట చేరి, అందరికీ దాహమైతే ధనబోడు దగ్గర కాసేపు ఆగాము. 1882లో బర్జెస్ దొర ఆ దిబ్బను పరిశీలించి వెలికితీసిన బౌద్ధ శిల్పాలలో పేరుపొందిన మాంధాత ఫలకం మద్రాసు మ్యూజియం చేరింది. ఊరి సొత్తు ఊరు దాటినా, విలువ తెలిసినచోట భద్రంగా ఉన్నదని మాలో ఒకరు అన్నారు. రెండవవారు కుక్క తల నిమురుతూ ఊరుకున్నారు.

మాస్టారి ఇంట్లో ఆ కుక్క బొంత, గిన్నె, పట్టా అన్నీ అప్పగించాము. అలవాట్లు ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాము. పైన పెద్ద అక్షరాలతో గేటు గడియ అని వ్రాశాము. తిరుగు దారిలో పిల్లలు ఏడ్చారు. వారించలేదు.

మూడవ ప్రయాణం

జూలైలో చూడబోయాము. మెరుపు ఒళ్ళు చేసి నిగనిగలాడుతున్నది. ప్రొద్దున ప్రహరీ లోపల నాలుగు చుట్లు మెరుపులాగే పరుగెత్తి, మిగతా రోజంతా మాస్టారి మడతకుర్చీ క్రింద నిద్రపోతుందట. మమ్ములను చూచి లేచి వచ్చింది. చేతులు వాసన చూచి, తోక ఊపి, కాసేపు మా దగ్గర నిలబడింది. తరువాత వెళ్ళి మళ్ళీ ఆ కుర్చీ క్రిందే పడుకున్నది. మాకు కొంచెం బాధ, అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది.

మామ్మగారికి మూడు పొదిగే పెట్టలు వెదికి తెచ్చి ఇచ్చాము. మొదటి పొదుగు పిల్లలు బయటికి వచ్చిన రోజున ఆమె గోడమీదుగా పిలిచి, "ఆ కుక్క బాగుందా అమ్మాయ్?" అని అడిగారు.

పశువు ప్రాణంపట్ల దయ నీతిలో భాగమని సామెతల గ్రంథం మనకు నేర్పుతూనే ఉన్నది. దయ అంటే ఇంటికి తెచ్చుకోవడమే అని మేమనుకున్నాము. దాని స్వభావం తెలుసుకొని, దానికి తగిన చోటు చూపేదాకా ఆ పని పూర్తికాదని ఈ 30 కి.మీ. దారి మాకు నేర్పింది. వదిలించుకోవడానికీ అప్పగించడానికీ మధ్య ఉన్న దూరం కూడా అంతే చిన్నది, చదువరులారా. గడియ పెట్టి బయలుదేరడమే కావాలి.