అంచున నున్న పేరు

సైనిక పతకముల పరిశోధనలో పేరొందిన మా మిత్రుడు గతించి ఆఱు మాసములైనది. పతకము చేతికందినంతనే ఆయన దాని ముఖమును గాక అంచును చూచెడివాడు. 1914-18 నాటి మహాయుద్ధమునకై బ్రిటిషు ప్రభుత్వ మొసగిన పతకముపై ఒకప్రక్క అయిదవ జార్జి శిరస్సు, వేఱొకప్రక్క గుఱ్ఱముపై వీరుడు. పుచ్చుకొన్నవాని సంఖ్యయు, పేరును, దళమును అంచున ముద్రింపబడి యుండును. సిపాయికి వెండిది, దండు వెంట నేగి వంటచేసిన, నీరు మోసిన మన సేవకులలో పెక్కుమందికి కంచుది. వెండివి ఎన్నియో కంసాలి మూసలో కరగిపోయినవి, పేర్లతోగూడ. మా మిత్రుడు కంచు పతకములకై తిరిగెడివాడు. తోడి సంగ్రాహకులు దీనిని వెఱ్ఱి యనిరి. హాజరుపట్టీలో నొక్కపేరు తప్పిన నేమగునో యెఱిగిన బడిపంతులము గావున మాకట్లు తోపలేదు.

ఇరువదియేండ్ల క్రిందట మా యూరి వృద్ధుడొకడు తన తాత పతకమును పెట్టె యడుగునుండి తీసి, “బస్రా పోయి నీళ్లు మోసినోడండీ, యుద్ధం చెయ్యలేదు” అని సిగ్గుపడెను.

“ఆ యెండలో మీ తాత నీళ్లు లేకపోతే తుపాకి పట్టినవాడు రెండు పూటలు బతికేవాడా?” అని మా మిత్రుడు భూతద్దము పెట్టి, అంచునున్న యింగ్లీషు అక్షరములను చదివి వినిపించెను. వృద్ధుడు కొంతసే పూరకుండి, ఇంకొకమారు చదువుమనెను.