సంతకం ఆయనది, గొంతు నాది

పిత్తాశయంలో రాళ్లకు కర్నూలులో ఆపరేషన్ చేయించుకున్నాను. కుట్లు మానాయి కానీ మాట పెగల్లేదు. పిలవబోతే గాలి మాత్రం వచ్చేది. మంచినీళ్లు తాగితే పొలమారేది. "మత్తిచ్చేటప్పుడు గొట్టం ఏసింటారు, నాలుగు దినాలకు అదే సర్దుకుంటాదిలే" అన్నారు అందరూ. మా ఆయనైతే "ఇన్నాళ్లకు ఇల్లు నెమ్మదిగా ఉండాది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకూ శబ్దం లేదు.

నేను నంద్యాల దగ్గర పల్లెలో టీచర్ని. గొంతు లేకుంటే నాకు బడే లేదు. అయినా నెలన్నర ఓర్చుకున్నాను. ఓర్చుకోవడం మనకు అలవాటే కదా! దసరా సెలవులకు కడపలో పుట్టింటికి పోతే అమ్మే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి నా స్వరతంత్రుల్ని నాకే చూపించింది. ఎడమది కదలడం లేదు. దాన్ని కదిలించే మెత్తటి చిన్న ఎముక గొట్టం తగిలి పక్కకు జరిగింది. "తొలి దినాల్లోనే వచ్చింటే సరిచేయడం సులువమ్మా. ఆలస్యమైతే అట్లే బిగుసుకుపోతుంది" అంది.

గొట్టం మీద నాకు కోపం లేదు. మత్తులో ఊపిరి నిలిపేది అదే. 1878లో స్కాట్లండ్‌లో విలియం మెక్‌ఈవెన్ నోటిగుండా గొట్టం వేసి మత్తిచ్చిన నాటినుంచి అది కాపాడిన ప్రాణాలెన్నో. గొంతునొప్పి చాలామందికి రెండు మూడు రోజుల్లో పోతుంది. నాలాంటి గాయం అరుదు. ఆడవాళ్ల స్వరపేటిక చిన్నది కాబట్టి మనకు వేసే గొట్టమూ మగవాళ్లకు వేసేదానికన్నా సన్నగా ఉండాలి. బొంగురు వారం దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. ఈ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు.

చెప్పి ఉంటే ఆయనకే చెప్పి ఉంటారు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టింది ఆయనే. నేను పక్కనే, పూర్తి మెలకువతో ఉన్నాను. ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన స్త్రీ బదులు తల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఆ తీర్పు మా వార్డు దాకా రాలేదు.

నాలుగు నెలలు గొంతు సాధన చేశాక మాట వచ్చింది, పాతది కాదు. మొన్న మా తోడికోడలి ఆపరేషన్‌కు తోడు పోయాను. నర్సు కాగితం తెస్తే మరిది చేయి చాపాడు.

"పెన్ను ఆమెకియ్యండి. ముందు చదివి చెప్పండి" అన్నాను, ఈ బొంగురు గొంతుతోనే.