తప్పిన కొలత

ముప్ఫై ఏళ్లుగా మదర్సాలో అరబీ వ్యాకరణం బోధిస్తున్న మాకు జీన్స్ ప్యాంటు గురించి వ్యాసం రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా దుస్తులు కుర్తా, పైజామా, టోపీ. ఏటా రెండు పండుగలకూ ముందు మా వీధి చివరి దర్జీకి గుడ్డ పంపుతాము. మా కొలతలు ఆయన పుస్తకంలో భద్రంగా ఉంటాయి. మా పొట్ట కాస్త పెరిగితే ఆయనే గమనించి, అడగకుండానే ఓ అంగుళం వదులు చేస్తాడు. అందువల్ల అంగడిలో కుట్టిన దుస్తులు కొనుక్కునేవారి ఇబ్బంది ఎలాంటిదో యాభై నాలుగేళ్లు వచ్చేవరకు మాకు తెలియదు. తెలియకపోవడం వల్ల మేము ఒక తప్పు చేశాము. ఆ తప్పును పాఠకుల ముందుంచడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

మా చిన్నబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. కళాశాల వర్క్‌షాపులోకి కుర్తా పైజామాతో అనుమతించరు. తిరుగుతున్న లేత్ యంత్రానికి వదులు గుడ్డ చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కనుక అది న్యాయమైన నిబంధనే. తోటి విద్యార్థులతో కలిసి వెళ్లి వాడు రెండు జీన్స్ ప్యాంట్లు కొనుక్కున్నాడు. మేము అభ్యంతరం చెప్పలేదు. శరీరాన్ని కప్పే దుస్తులు ఏ దేశంలో పుట్టాయన్నది మాకు ముఖ్యం కాదు.

గత వేసవి సెలవుల్లో వాడు ఇంటికి వచ్చాడు. ఫజ్ర్ నమాజుకు మాతోపాటే లేచి మస్జిద్‌కు వచ్చేవాడు. ఇషాకూ వచ్చేవాడు. పగలంతా పట్టణంలోని ఒక మరమ్మతుల షాపులో పని నేర్చుకునేవాడు. ఆ షాపు మా మస్జిద్‌కు నాలుగడుగుల దూరంలోనే ఉన్నా జుహ్ర్, అస్ర్ జమాఅత్‌లలో మాత్రం కనిపించేవాడు కాదు. అడిగితే, "ఇంటికి వెళ్లి చదువుకున్నాను అబ్బాజాన్" అనేవాడు. పది రోజులు చూశాము. కళాశాల గాలి సోకిందని, స్నేహితుల ముందు నమాజుకు రావడానికి సిగ్గుపడుతున్నాడని మా మనసుకు మేమే తీర్పు చెప్పుకున్నాము. ఒకనాడు మదర్సా ఆవరణలో, మా విద్యార్థులు పదిహేనుమంది వింటుండగా, "ఊరి పిల్లలకు పాఠం చెప్పి మా ఇంటి పిల్లవాణ్ణి పోగొట్టుకున్నాము" అన్నాము. వాడు తల వంచుకున్నాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ మౌనాన్ని కూడా మేము నేరాంగీకారంగానే లెక్కించాము.

బక్రీద్ దగ్గరపడింది. వాడి ప్యాంటు తొడల మధ్య చిరిగిపోయిందని, కొత్తది కొనిపెట్టమని మా శ్రీమతి చెప్పింది. "ఈసారి మీరే వెంట వెళ్లండి, వాడు ఒంటరిగా వెళ్లి ఉత్త చేతులతో వస్తున్నాడు" అని కూడా అన్నది. ఆ మాటలోని అంతరార్థం అప్పుడు మాకు తట్టలేదు.

మా గుంతకల్లులో మూడు దుకాణాలు తిరిగాము. మావాడిది మా నాన్నగారి పోలిక. తొడలు, పిరుదులు బలమైనవి. వాటితో పోల్చితే నడుము సన్నం. ముప్ఫై నాలుగు సైజు తొడలు దాటి పైకి రాలేదు. ముప్ఫై ఆరు ఎలాగో పైకి వచ్చింది గానీ కూర్చుంటే కుట్లు పటపటమన్నాయి. ముప్ఫై ఎనిమిదిలో తొడలు పట్టాయి, నడుము దగ్గర మాత్రం పిడికిలి దూరేంత ఖాళీ. బెల్టు బిగిస్తే గుడ్డ సంచి మూతిలా ముడతలు పడింది. మూడో దుకాణంలో అమ్మే కుర్రవాడు, "సార్, ఈ బాడీకి మా దగ్గర రాదు. కొంచెం తగ్గించుకోమనండి" అన్నాడు. పక్కనున్నవారు నవ్వారు. మావాడు మాత్రం, ఈ మాట ఎన్నోసార్లు విన్నవాడిలా, ప్యాంటును మడతపెట్టి బల్లమీద ఉంచాడు.

మేము ఊరుకోలేకపోయాము. మర్నాడు రైలెక్కి బళ్లారి వెళ్లాము. యాభై కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరు జీన్స్ తయారీకి పేరుపొందింది. అక్కడా, మన రాయదుర్గంలోనూ ఎన్నో కుటుంబాలు ఈ ప్యాంట్లు కుట్టి బతుకుతున్నాయి. కుట్టే చోట కొలత దొరకకుండా ఉంటుందా అన్నది మా ధీమా.

అక్కడ ఒక దుకాణంలో పెద్దవయసు సోదరుడొకరు మా గడ్డం, టోపీ చూసి సలాం చేసి కూర్చోబెట్టారు. తాము ఒకప్పుడు కట్టింగ్ మాస్టరునని చెప్పారు. ఒకే సైజు రాసి ఉన్న రెండు ప్యాంట్లు మావాడికి రెండు రకాలుగా ఎందుకు పడుతున్నాయని అడిగాము. ఆయన ఓపికగా వివరించారు. గుడ్డను పొరలు పొరలుగా పరిచి ఒకేసారి యంత్రంతో కోస్తారట. కోతలో పై పొరకూ కింది పొరకూ స్వల్పమైన తేడా వస్తుంది. కుట్టిన తర్వాత రంగు వెలిసినట్టు కనిపించడానికి ఉతుకుతారు. ఆ ఉతుకులో ఒక్కొక్కటి ఒక్కో విధంగా కుదించుకుపోతుంది. పైగా చీటీమీది అంకె నడుముకు సంబంధించినదే. తొడ ఎంత, సీటు ఎంత, కాళ్ల నడుమ కుట్టు నుంచి నడుము పట్టీ వరకు ఎత్తు ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. ఆ ఎత్తు కొన్ని ప్యాంట్లలో బాగా తక్కువ. అలాంటి ప్యాంటు నడుము మీద కాక తుంటి మీద ఆగుతుంది.

మా పైజామాకు కాళ్ల నడుమ మియానీ అనే ముక్క వేస్తారు. కింద కూర్చోవడానికి, వంగడానికి వీలు కల్పించేది అదే. ఆ సంగతి గుర్తుకు వచ్చి మేము మావాడితో, "ఒకసారి రుకూ చేసినట్టు వంగి, తర్వాత సజ్దా చేసి చూడు" అన్నాము. ఆ సోదరుడు లోపలి గదిలో దుప్పటి పరిచారు. వాడు వంగాడు. చొక్కా పైకి జరిగింది, ప్యాంటు కిందికి జారింది. సజ్దాలోకి వెళ్లేసరికి వెనుక భాగం నాలుగు వేళ్ల మేర బయటపడింది. మేము చూపు తిప్పుకున్నాము.

వాడు లేచి చొక్కా సవరించుకున్నాడు. మా వైపు చూడకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు: "ఇందుకే అబ్బాజాన్, నేను పగలు జమాఅత్‌కు రానిది. మొదటి వారం వచ్చాను. వెనుక వరుసలోని పిల్లలు నవ్వారు. బొడ్డు నుంచి మోకాలి వరకు కప్పుకోకపోతే నమాజు కాదని చిన్నప్పుడు మీరే కదా చెప్పారు. అందుకని ఇంటికి పరుగెత్తి లుంగీ కట్టుకుని చదువుకునేవాణ్ణి."

మేము ఏమీ మాట్లాడలేకపోయాము. ఫజ్ర్‌కూ ఇషాకూ వాడు లుంగీలో వచ్చేవాడు. పగటి నమాజులకు రాలేదు. ఈ తేడా రోజూ మా కళ్ల ఎదుటే ఉన్నది. ఒక్కసారైనా అది ఎందుకని ఆలోచించలేదు. అల్ హుజురాత్ సూరా పన్నెండవ ఆయతులో అతిగా అనుమానించడం మానుకోవాలని విశ్వాసులకు ఆదేశం ఉన్నది. ఆ ఆయతు వ్యాకరణాన్ని ఏటా పదం పదం విడదీసి చెబుతాము. మా పాఠాన్ని పాటించడం కోసమే దూరంగా ఉన్న బిడ్డను, పాఠం మరచినవాడని పదిమందిలో నిందించాము. ఆ రోజే వాడు ఎందుకు చెప్పలేదని అడిగితే, "పిల్లల ముందు ఎలా చెప్పను?" అన్నాడు. మేము పిల్లల ముందు అనగలిగాము, వాడు పిల్లల ముందు చెప్పలేకపోయాడు.

బళ్లారిలోనూ ప్యాంటు దొరకలేదు. ఆ సోదరుడు మాత్రం రెండు మీటర్ల డెనిమ్ గుడ్డ ఇప్పించి, "మీ దర్జీకే ఇవ్వండి హజ్రత్. ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేయమనండి. కుదించుకునేది ముందే కుదించుకుంటుంది" అని సలహా ఇచ్చారు.

తిరుగు రైల్లో ఈ ప్యాంటు చరిత్రను మావాడే మాకు చెప్పాడు. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కష్టజీవుల ప్యాంట్ల జేబులు ఊరికే చిరిగిపోతుంటే వాటి మూలల్లో రాగి రివెట్లు బిగించాడు. గుడ్డల వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న ఆ పద్ధతికి పేటెంటు పొందాడు. వంగి, కూర్చుని, బరువులెత్తి పనిచేసేవారి కోసం ఒక దర్జీ ఆలోచించిన దుస్తులివి. మా రాయలసీమలోని కడప ప్రాంతంలో ఒకప్పుడు విరివిగా పండిన నీలిమందు లాంటి రంగే మొదట్లో దానికి నీలి రంగు ఇచ్చింది. అలాంటి ప్యాంటు వేసుకుని నేడు మనిషి వంగలేకపోతున్నాడంటే ఆశ్చర్యంగానే అనిపించింది.

మా దర్జీ మొదట జంకాడు. తర్వాత యంత్రానికి పద్దెనిమిదో నంబరు సూది వేసి ఒప్పుకున్నాడు. మావాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నడుము నుంచి కుర్చీ బల్ల వరకు కొలిచాడు. నిలబెట్టి కొలిస్తే ఆ కొలత సరిగా రాదట. తొడ, సీటు, మోకాలు వేరువేరుగా రాసుకున్నాడు. వెనుక నడుమును ముందుకన్నా రెండు అంగుళాలు ఎత్తు పెట్టాడు. పొడవు చీలమండల పైననే ఆపాడు. నాలుగో రోజుకు ప్యాంటు సిద్ధమైంది.

అరబీలో ప్రతి క్రియనూ ఒక వజ్న్ మీద తూచి చూస్తాము. సరితూగని పదం వస్తే తప్పు పదానిదని అనము, దాని వజ్న్ వేరని చెబుతాము. ఈ మాట విద్యార్థులకు ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాము. అంగడిలో మావాడి ఒంటినీ, ఇంట్లో వాడి మనసునూ తూచేటప్పుడు మాత్రం ఎవరికీ అది గుర్తుకు రాలేదు.

పాఠక సోదరులకు, సోదరీమణులకు మా విన్నపం ఇంతే. పిల్లలకు ప్యాంటు కొనేటప్పుడు అద్దం ముందు నిలబెట్టి చూసి తృప్తిపడవద్దు. వంగి, కింద కూర్చుని, సజ్దా చేసి చూసుకోమనండి. వారికి సరిపోయిన పాత ప్యాంటు ఉంటే టేపుతో కొలిచి తొడ, సీటు, ఎత్తు కాగితంమీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. అంకెను నమ్మవద్దు. దొరకకపోతే దర్జీని ఆశ్రయించండి. గుడ్డకూ కుట్టుకూ కలిపి మాకు అయిన ఖర్చు అంగడి ధరకన్నా నూటయాభై రూపాయలే ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, సరిపడని దుస్తులకు పిల్లవాడి శరీరాన్ని తప్పుపట్టే మాట ఎవరు అన్నా అక్కడే వారించండి. ఆ మూడో దుకాణంలో మేము వారించలేదు. అదీ మా లెక్కలోని తప్పే.

ప్యాంటు వచ్చిన రోజు అస్ర్ వేళ మావాడు కొత్త దుస్తుల దుఆ చదివి తొడుక్కుని మస్జిద్‌కు వచ్చాడు. మా పక్కనే, మొదటి వరుసలో నిలబడ్డాడు. సలాం తిప్పిన తర్వాత మేము ఆ పదిహేనుమంది విద్యార్థులను ఆగమన్నాము. ఆనాడు అన్న మాట తప్పని, మా అబ్బాయి నమాజు విడిచిపెట్టలేదని, విచారించకుండా నిందించింది మేమేనని వారికి చెప్పాము. మావాడి వైపు తిరిగి క్షమించమని అడిగాము. వాడు కంగారుగా మా చేయి పట్టుకుని, "పిల్లల ముందు ఇదంతా ఎందుకు అబ్బాజాన్?" అన్నాడు.

"అన్నది వీళ్ల ముందే కదా బేటా" అన్నాము.